చలి కొండపై గరిక నిలిచేదెలా?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు: నడిగడ్డ నల్లరేగడి రైతుకు గరికతో ఉన్న వైరం తరతరాలది. వేసవి దుక్కిలో నాగలి కర్రుకు చిక్కిన గరిక వేళ్లను ఏరి, గట్టున కుప్ప పోసి ఎండబెట్టినా మట్టిలో మిగిలిన ఒక్క కణుపు చాలు. తొలకరి జల్లు పడగానే తిరిగి తల ఎత్తుతుంది. నలభై డిగ్రీలు దాటిన ఎండను, పశువుల గిట్టలను, కొడవలిని, కరవును ఓర్చుకునే ఈ గడ్డికి పాలమూరు నేలపై చావు లేదన్న మాట ఊరికే పుట్టలేదు.

అదే గరికను సముద్ర మట్టానికి 1,600 మీటర్ల ఎత్తున ఉన్న అమెరికాలోని డెన్వర్ నగరంలో ఇంటి ముందు పెంచబూనితే కథ తిరగబడుతుంది. అక్టోబరులో పసుపు బారుతుంది. నవంబరు నాటికి ఎండుగడ్డి రంగుకు దిగుతుంది. ఏప్రిల్ చివరి వరకు చలనం లేకుండా పడి ఉంటుంది. కొన్ని ఇళ్ల ముందు మే నెల గడిచినా లేవదు. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల నుంచి చదువులకు, ఉద్యోగాలకు వెళ్లి అమెరికాలో స్థిరపడిన కుటుంబాలు నేడు తక్కువేమీ కాదు. పిల్లల దగ్గరకు ఆరు నెలల వీసాపై వెళ్లిన తల్లిదండ్రులు ఆ ఎండిన పచ్చిక బయలును చూసి, గరిక చచ్చిపోయిందనుకొని పీకించివేయడం, లేదా నీళ్లు చాలలేదనుకొని గడ్డకట్టిన నేలపై నీళ్లు పోయడం సహజంగా జరిగే పొరపాట్లు. రెండింటికీ మూల్యం డాలర్లలోనే చెల్లించవలసి ఉంటుంది.

ఎండకు చావని గడ్డి చలికి ఎందుకు చిన్నబోతుంది? చిన్నబోయినది నిద్రలో ఉన్నదో, నిజంగా చచ్చినదో తెలుసుకొనేదెలా? ఎత్తైన చలి ప్రదేశంలో ఉష్ణ మండల పచ్చికను పెంచదలచిన వారు ముందుగా తెలుసుకోవలసిన విషయాలివి.

జొన్న వర్గం, వరి వర్గం

పచ్చిక బయళ్లకు వాడే గడ్డి జాతులను ఉద్యాన శాస్త్రం రెండు వర్గాలుగా విభజించింది. ఒకటి వెచ్చని కాలపు గడ్డి, రెండవది చల్లని కాలపు గడ్డి. ఈ విభజన రైతుకు కొత్తది కాదు. జొన్న, సజ్జ, మొక్కజొన్న, చెరకు ఒక తీరున పెరుగుతాయి; వరి, గోధుమ మరొక తీరున పెరుగుతాయి. గరిక జొన్న వర్గానికి చెందినది. అమెరికా, ఐరోపా చలి దేశాలలో ఇళ్ల ముందు కనిపించే కెంటకీ బ్లూగ్రాస్, ఫెస్క్యూ, రై గడ్డి జాతులు గోధుమ వర్గానికి చెందినవి.

తేడా అంతా ఆకు లోపలి వంటలో ఉంది. కిరణజన్య సంయోగక్రియలో జొన్న వర్గపు మొక్కలు గాలిలోని బొగ్గుపులుసు వాయువును మొదట నాలుగు కర్బన పరమాణువులున్న పదార్థంగా కూడగట్టి, ఆ తరువాత చక్కెరగా మారుస్తాయి. అందుకే వీటిని శాస్త్రజ్ఞులు సీ-4 మొక్కలంటారు. మండుటెండలో, తక్కువ నీటితో ఎక్కువ ఆహారం తయారు చేసుకోవడం ఈ పద్ధతి వలన సాధ్యమవుతుంది. పగటి ఉష్ణోగ్రత 27 నుంచి 35 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు గరిక పరుగు తీస్తుంది. 15 డిగ్రీల దిగువకు వస్తే నడక మందగిస్తుంది. నేల ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందికి దిగితే ఆకులోని పచ్చదనం విరిగిపోతుంది, కొత్త పచ్చదనం ఏర్పడదు. గడ్డి ఎండుగడ్డి రంగుకు తిరుగుతుంది. దీనినే సుప్తావస్థ అంటారు.

మన మూడు జిల్లాలలో ఈ నిద్ర పూర్తిగా పట్టదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మైదానాలలో డిసెంబరు, జనవరి రాత్రులు 15 డిగ్రీల దిగువకు జారినా పగటి ఎండ నేలను తిరిగి వెచ్చబరుస్తుంది. పుష్య మాసంలో గరిక కొంత మందగించి, కొనలు ఎర్రబారి, శివరాత్రి దాటగానే మామూలు స్థితికి వస్తుంది. పాలమూరు రైతు గరిక నిద్రపోవడం చూడకపోవడానికి కారణమిదే. చూడనిది విదేశంలో కనబడితే చావని పొరబడటంలో వింత లేదు.

ఎత్తు పెరిగిన కొద్దీ

సముద్ర మట్టం నుంచి ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు గాలి ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. అయితే పచ్చిక బయలుకు కొండ ఎత్తు ఒక్కటే శత్రువు కాదు. రాత్రివేళ చల్లబడిన గాలి బరువెక్కి, వాగు నీటి వలె పల్లానికి జారి, లోయలో నిలుస్తుంది. పాడేరు మన్యంలో సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగి ఆంధ్రా కాశ్మీరంగా పేరు పొందడానికి ఆ ఎత్తుతో పాటు చుట్టూ కొండలున్న లోయలో చలిగాలి కుదురుకోవడమూ కారణమే. అంతకన్నా ఎత్తున, 1,265 మీటర్ల మీద ఉన్న మదనపల్లె సమీపంలోని హార్సిలీ హిల్స్‌లో అంతటి చలి ఉండదు. ఒకే ఊరిలో గట్టు మీది పచ్చిక పచ్చగా ఉండి, గుంటలోని పచ్చిక మాడిపోవడం ఈ కారణంగానే జరుగుతుంది.

ఎత్తులో మరో రెండు చిక్కులున్నాయి. గాలి పలుచనై పగలు ఎండ తీవ్రంగా తగులుతుంది. రాత్రి ఆ వేడి త్వరగా ఆకాశంలోకి పోతుంది. పగలు 30 డిగ్రీలు, రాత్రి 12 డిగ్రీలు ఉండే వేసవి డెన్వర్ వంటి చోట్ల సామాన్యం. గరికకు పగటి వేడి చాలినా రాత్రి చలి దాని ఎదుగుదలను సగంలో ఆపుతుంది. పైగా పెరిగే కాలం చిన్నది. డెన్వర్‌లో చివరి గడ్డమంచు మే మొదటి వారాలలో, తొలి గడ్డమంచు అక్టోబరు తొలి రోజులలో సామాన్యంగా పడుతుంది. ఏడాదిలో అయిదు నెలలే గడ్డికి చేతికందే కాలం. పాలమూరులో పన్నెండు నెలలలో సంపాదించే బలాన్ని అక్కడ అయిదు నెలలలో కూడబెట్టుకోవాలి.

ప్రాణం ఆకులో లేదు

ఇక్కడే నడిగడ్డ రైతు అనుభవం పనికి వస్తుంది. గరికను చంపాలంటే ఆకు కోస్తే చాలదని, నేల లోపలి తెల్లని వేరును పైకి తీసి ఎండబెట్టాలని ప్రతి రైతుకూ తెలుసు. ఆ తెల్లనిది నిజానికి వేరు కాదు, భూమిలో పాకే కాండం. దాని కణుపులలో చక్కెర, పిండి పదార్థం దాగి ఉంటాయి. గరికకు నేలపై పాకే తీగ ఒకటి, నేలలో పాకే కాండం ఒకటి, రెండూ ఉన్నాయి. చలి ముందుగా ఆకును, తరువాత నేలపై తీగను చంపుతుంది. భూగర్భ కాండం బతికినంత కాలం గరిక బతికినట్లే.

వేసవిలో రైతు ఏ చోట దెబ్బ కొడతాడో, శీతకాలంలో చలి కూడా అక్కడే కొడుతుంది. కణుపులోని నీరు గడ్డకట్టి మంచు ముక్కలైతే కణం గోడలు పగులుతాయి. దీనిని తట్టుకోవడానికి శరత్కాలంలో రాత్రులు చల్లబడుతున్నపుడే గడ్డి తనను తాను సిద్ధం చేసుకుంటుంది. ఎదుగుదల తగ్గించి, చక్కెరలను కాండంలోకి దించి, కణాలలోని నీటిని చిక్కబరుస్తుంది. చక్కెర నీరు మామూలు నీటికన్నా ఆలస్యంగా గడ్డకడుతుందన్న సూత్రమే దానికి రక్ష. ఇలా సిద్ధమైన గరిక గాలి ఉష్ణోగ్రత మైనస్ 20 డిగ్రీలకు పోయినా బతకవచ్చు. ఎందుకంటే మట్టి అంత త్వరగా చల్లబడదు. పైన మంచు దుప్పటి పరచుకొని ఉంటే మరీ మేలు. నిజమైన ప్రమాదం మంచు లేని పొడి చలిలో, నేల మాత్రమే గడ్డకట్టినపుడు, చలిగాలి తేమను లాగివేసినపుడు వస్తుంది.

చచ్చిందో, నిద్రపోతున్నదో తేల్చుకోవడానికి సులభమైన పరీక్ష ఉంది. ఫిబ్రవరి లేదా మార్చి నెలలో పచ్చిక బయలులో నాలుగైదు చోట్ల, ముఖ్యంగా నీడ పడే చోట, పల్లపు చోట, ఒక్కొక్క గుప్పెడు గడ్డిని మట్టితో సహా నాలుగంగుళాల లోతు వరకు తవ్వి తీయాలి. కుండీలలో పెట్టి, ఇంటి లోపల వెచ్చగా వెలుతురు వచ్చే కిటికీ దగ్గర ఉంచి, తేమ ఆరకుండా చూడాలి. రెండు మూడు వారాలలో పచ్చని మొలక వస్తే ఆ భాగం బతికి ఉన్నట్లు. రాకపోతే ఆ భాగాన్ని వేసవిలో తిరిగి నాటుకోవాలి. ఈ పరీక్ష చేయకుండా ఏప్రిల్‌లోనే బయలంతా తవ్వించడం డబ్బు దండగ.

ఏ గడ్డి ఎంచుకోవాలి?

మన పొలం గట్టున పెరిగే గరికే ప్రపంచమంతటా బెర్ముడా గడ్డి పేరుతో గోల్ఫ్, ఫుట్‌బాల్, క్రికెట్ మైదానాలను ఏలుతున్నది. శాస్త్రనామం సైనోడాన్ డాక్టిలాన్. బెర్ముడా దీవులకు, దాని పుట్టుకకు సంబంధం లేదు. ఆఫ్రికా, ఆసియా ఖండాల ఉష్ణ ప్రాంతాలే దాని పుట్టినిల్లు. మేలు రకాల మాటకు వస్తే, అమెరికాలోని జార్జియా రాష్ట్రం టిఫ్టన్‌లో గ్లెన్ బర్టన్ అనే శాస్త్రవేత్త గరికను దక్షిణాఫ్రికా జాతి గడ్డితో సంకరపరచి తయారు చేసిన టిఫ్‌వే రకం 1960లో విడుదలైంది. నేటికీ అది మైదానాలలో కనిపిస్తుంది. ఈ బర్టన్‌కు పాలమూరు చెలకలతో మరో చుట్టరికమున్నది. ఆయన రూపొందించిన టిఫ్ట్ 23ఏ అనే సజ్జ ఆడ వంశమే ఆధారంగా భారతదేశపు తొలి సంకర సజ్జ హెచ్‌బీ-1 1965లో విడుదలైంది. గడ్డిని, గింజను ఒకే చేయి తీర్చిదిద్దిందన్న మాట.

అయితే టిఫ్‌వే వెచ్చని రాష్ట్రాల గడ్డి. చలి ప్రాంతాలకు పనికివచ్చే రకాలపై ఓక్లహామా స్టేట్ విశ్వవిద్యాలయం దశాబ్దాలుగా కృషి చేసింది. విత్తనంతో వేసుకునే యూకాన్, తీగ లేదా గడ్డి పలకలుగా నాటుకునే పేట్రియట్, లాటిట్యూడ్ 36, నార్త్‌బ్రిడ్జ్, ఇటీవలి టహోమా 31 అక్కడివే. వీటికి చలి తట్టుకునే గుణంతో పాటు వసంతంలో త్వరగా పచ్చబడే లక్షణం ఉంది. చలి కొండపై గరిక పెంచదలచిన వారు పేరు లేని సాధారణ గరిక విత్తనం కొనకుండా ఈ కోవలోని రకాలను అడిగి తీసుకోవడం మంచిది.

రెండవది జోయిసియా. కొరియా, జపాన్, చైనా తీరాలలో పుట్టిన ఈ గడ్డిలో జపానికా జాతి చలికి గరికకన్నా గట్టిది. 1951లో విడుదలైన మేయర్ రకం పేరు పొందినది. నీడను కూడా కొంత ఓర్చుకుంటుంది. ఓపిక లేని వారికి మాత్రం ఇది పనికిరాదు. ఎత్తైన ప్రాంతపు చల్లని రాత్రులలో ముక్కలుగా నాటిన జోయిసియా నేలను పూర్తిగా కప్పడానికి రెండు మూడు వేసవులు పట్టవచ్చు. కడియం నర్సరీల నుంచి మన ఊళ్లకు వచ్చే మెత్తని సన్నాకు కార్పెట్ గడ్డి కూడా జోయిసియా కుటుంబానిదే అయినా, అది సుతిమెత్తని జాతి. పేరు ఒక్కటే కదా అని చలి దేశంలో దానిని కోరుకోరాదు.

మూడవది డెన్వర్ వంటి చోటుకు అచ్చంగా స్థానికురాలు, బఫెలో గడ్డి. అమెరికా నడిమి మైదానాలలో అడవి దున్నల మందలు మేసిన గడ్డి ఇది. గరిక వలె సీ-4 వర్గానిదే అయినా వేల ఏళ్లుగా ఆ మంచుకు అలవాటుపడింది. ఆడ, మగ మొక్కలు వేరువేరుగా ఉండటం దీని విశేషం. నెబ్రాస్కా విశ్వవిద్యాలయం తీసిన లెగసీ, ప్రెస్టీజ్ రకాలు ఇళ్ల ముందు వాడుకలో ఉన్నాయి. నీరు అతి తక్కువ అడుగుతుంది, కోత కూడా నెలకు ఒకటి రెండు సార్లు చాలు. పిల్లలు రోజూ బంతాట ఆడే చోటికి మాత్రం ఇది నిలవదు. అక్కడ గరికకే పెద్దపీట. సుమారు 2,000 మీటర్ల ఎత్తు దాటితే బఫెలో గడ్డి కూడా మందగిస్తుంది. అంతకు పైన ఉన్న ఊళ్లలో వెచ్చని కాలపు గడ్డి ఆశ వదులుకొని ఫెస్క్యూ వంటి చలి గడ్డి వేసుకోవడమే తెలివైన పని.

ఊటీ వెళ్లి వచ్చిన వారికి మరో సందేహం రావచ్చు. 2,200 మీటర్లు పైబడిన ఆ కొండలపై దళసరి పచ్చిక ఎలా ఉన్నదని. నీలగిరులలో విస్తరించినది కికుయు గడ్డి. కెన్యా దేశపు ఎత్తైన పీఠభూములు దాని జన్మస్థానం. అక్కడి కికుయు జాతి ప్రజల పేరే గడ్డికి వచ్చింది. వెచ్చని వర్గపు గడ్డే అయినా చల్లని కొండలకు పుట్టుకతో అలవాటుపడినది. అయినప్పటికీ నెలల తరబడి నేల గడ్డకట్టే చలికి ఇది ఆగదు. పైగా ఒకసారి పట్టుకుంటే పక్క తోటలను మింగే గుణం ఉండటంతో అమెరికా ప్రభుత్వం దీనిని హానికర కలుపు జాబితాలో చేర్చింది. ఊటీ గడ్డి ముక్కను డెన్వర్‌లో నాటాలన్న ఆలోచన చట్టరీత్యా కూడా తప్పు.

నాటే వేళ, ఆపే వేళ

చలి ప్రదేశంలో పచ్చిక ఫలితం సగం స్థల నిర్ణయంలోనే తేలిపోతుంది. దక్షిణ ముఖంగా, రోజుకు కనీసం ఆరేడు గంటల ఎండ పడే చోటు గరికకు యోగ్యం. ఇంటికి ఉత్తరపు నీడ, పెద్ద చెట్ల కింద, నీరు నిలిచే గుంట, ఈ మూడు చోట్లా గరిక వేయరాదు. వేసినా రెండవ శీతకాలం దాటదు.

నాటే కాలం మన తొలకరి లెక్క కాదు. నేల ఉష్ణోగ్రత నిలకడగా 18 డిగ్రీలు దాటిన తరువాతే విత్తాలి. డెన్వర్ ప్రాంతంలో అది మే చివరి నుంచి జూన్ వరకు వస్తుంది. జూలై దాటితే ఆలస్యమే. తొలి గడ్డమంచుకు ముందు గడ్డికి కనీసం మూడు నెలల ఎదుగుదల దొరకకపోతే భూగర్భ కాండం ఏర్పడదు; లేత మొక్క మొదటి చలికే పోతుంది. చదరపు మీటరుకు 5 నుంచి 10 గ్రాముల గరిక విత్తనం, అంటే నూరు గజాల స్థలానికి సుమారు అర కిలో నుంచి ముప్పావు కిలో వరకు సరిపోతుంది. విత్తనం చాలా చిన్నది కనుక ఇసుకతో కలిపి చల్లి, పైపైన గీరి, మొలకెత్తే వరకు రోజుకు రెండు మూడుసార్లు తేలికగా తడపాలి. గడ్డి పలకలు పరిస్తే ఖర్చు ఎక్కువైనా ఆ ఏడాదే బలం పుంజుకుంటుంది.

అంతకన్నా ముఖ్యమైనది ఎరువు ఆపే వేళ. ఆగస్టు నడిమి తరువాత నత్రజని వేయరాదు. పంట పచ్చగా ఉండాలని ఆఖరి దఫా యూరియా చల్లే అలవాటు ఇక్కడ ప్రాణాంతకమవుతుంది. నత్రజని తిన్న గడ్డి నిద్రకు సిద్ధం కాకుండా లేత ఆకులు వేస్తూ, కాండంలో దాచవలసిన చక్కెరను ఖర్చు చేస్తుంది. ఆ లేతదనంపై మంచు పడితే గడ్డి కోలుకోదు. భూసార పరీక్షలో కొరత తేలితే శరత్కాలంలో పొటాష్ వేసుకోవచ్చు, అది చలిని ఓర్చుకునే శక్తికి తోడ్పడుతుంది. సెప్టెంబరు నుంచి కోత ఎత్తును సుమారు ఒక సెంటీమీటరు పెంచాలి. పొడుగుగా వదిలిన ఆకు ఎండినా కింది కణుపులకు కప్పుగా ఉపయోగపడుతుంది.

శీతకాలంలో నీటి విషయమే అందరినీ తికమక పెడుతుంది. నిద్రపోతున్న గడ్డికి రోజూ నీరు అక్కరలేదు, కాని పూర్తిగా మానరాదు. వారాల తరబడి మంచు గాని, వాన గాని లేకుంటే నెలకు ఒకసారి, గాలి ఉష్ణోగ్రత 5 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం, నేల గడ్డకట్టి లేనపుడు ఒక తడి ఇవ్వాలి. సాయంత్రం ఇచ్చిన తడి రాత్రికి మంచు పలకై గడ్డిని పట్టుకుంటుంది. తెల్లవారి ఆకుపై గడ్డమంచు మెరుస్తున్న వేళ పచ్చికపై నడవకూడదు. గాజులా పెళుసైన కణాలు అడుగు కింద చిట్లి, ఎండ వచ్చాక అడుగు ఆకారంలోనే నల్లని మరకలు తేలుతాయి.

అయిదారు నెలల ఎండు రంగు భరించలేని వారు శరత్కాలంలో గరికపై రై గడ్డి విత్తనం చల్లి శీతకాలపు పచ్చదనం తెచ్చుకుంటారు. అరిజోనా వంటి వేడి ప్రాంతపు మైదానాలలో ఈ పద్ధతి చెల్లుతుంది. ఎత్తైన చలి ఊళ్లలో మాత్రం వసంతంలో రై గడ్డి ముందుగా లేచి ఎండను, నీటిని లాక్కొని, అప్పుడే మేల్కొంటున్న గరికను అణచివేస్తుంది. పచ్చదనం కోసం చేసిన పని గరిక ప్రాణానికే ముప్పు తెస్తుంది.

నీటి లెక్క, చట్టం లెక్క

ఇన్ని తంటాలు పడి చలి దేశంలో వేడి దేశపు గడ్డి ఎందుకన్న ప్రశ్న సహజం. సమాధానం నీటిలో ఉంది. కెంటకీ బ్లూగ్రాస్ తాగే నీటిలో సుమారు సగంతోనే గరిక, బఫెలో గడ్డి వేసవి గడుపుతాయి. కొలరాడో నది నీటిపై ఏడు రాష్ట్రాల మధ్య సాగుతున్న పంచాయతీ ఆ రాష్ట్రంలో గృహస్థుని నీటి బిల్లు దాకా వచ్చింది. కృష్ణా జలాల తగాదాలు వింటూ పెరిగిన పాలమూరు వారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. కొలరాడో శాసనసభ 2024లో చేసిన చట్టం ప్రకారం వాణిజ్య, సంస్థాగత, పారిశ్రామిక స్థలాలలో అలంకారానికి మాత్రమే పనికివచ్చే నీటి దాహపు పచ్చికను కొత్తగా వేయడంపై 2026 జనవరి 1 నుంచి నిషేధం అమలైంది. స్థానిక గడ్డి జాతులకు, పొడి వాతావరణం కోసం సంకరపరచిన రకాలకు ఆ నిషేధం వర్తించదు. ఇళ్ల ముందు పచ్చికకు ఊరూరా వేరు నిబంధనలుంటాయి. కనుక నాటే ముందు నగర పాలక సంస్థ నియమాలను, కాలనీ సంఘం నియమాలను చదువుకోవాలి. శీతకాలంలో ముంగిలి ఎండు రంగులో ఉంటే ఒప్పుకోని కాలనీ సంఘాలూ ఉంటాయి.

పొరుగువారి మాట కూడా మరువరాదు. గరిక పాకుడు స్వభావం అక్కడా మారదు. పూలమడి అంచుల వద్ద ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతు అడ్డుగోడ లేకుంటే రెండు వేసవులలో కంచె దాటుతుంది.

మన కొండలపైన

విదేశాల దాకా పోనక్కరలేదు. అరకు, చింతపల్లి, లంబసింగి పరిసరాలలో వసతి గృహాలు, విడిది తోటలు పెరుగుతున్న కొద్దీ పచ్చిక బయళ్లు కూడా పెరుగుతున్నాయి. అక్కడ చలి తీవ్రమైనా కొద్ది వారాలదే; నేల లోతుగా గడ్డకట్టదు. సాధారణ గరిక కూడా బతుకుతుంది. జూన్, జూలై వానలలో నాటుకుంటే డిసెంబరు నాటికి వేరు దిగి, జనవరిలో రంగు మారినా ఫాల్గుణానికి తేరుకుంటుంది. నాటేందుకు మన తోటమాలులకు తెలిసిన పద్ధతి చాలు. ఒక అడుగు లోతు తవ్వి, వేసవి ఎండకు ఆరబెట్టి, తుంగ గడ్డలను ఒక్కటి మిగలకుండా ఏరి, పశువుల ఎరువు కలిపి చదును చేయాలి. గరికను రెండంగుళాల ముక్కలుగా కోసి, పచ్చి పేడ, మట్టితో ముద్దగా కలిపి అంగుళం మందాన పరచి తడిపితే కొద్ది వారాలలో అల్లుకుంటుంది. తుంగ తీయకుండా వేసిన పచ్చికకు ఏ కొండపైనా దిక్కు లేదు.

మన మూడు జిల్లాలలో ఎత్తైన నేల నల్లమలలోని అమ్రాబాద్ పీఠభూమి. మైదానంకన్నా రాత్రులు చల్లగా ఉన్నా అక్కడ గరికకు ముప్పు లేదు. ముప్పు అడవికే. పులుల అభయారణ్యం అంచున విడిది గృహాలు కట్టుకునేవారు పరాయి పచ్చిక జాతులను తెచ్చి నాటితే అవి అడవి గడ్డిని తోసివేసే అవకాశముంది. జింకలు మేసే స్థానిక గడ్డి ఉన్నచోట కార్పెట్ పచ్చికతో పనేమిటన్నది వారే ఆలోచించుకోవాలి. నేల, రకాల విషయంలో సలహా కావలసినవారికి వనపర్తి జిల్లా మోజర్లలో ఉద్యాన కళాశాల, నాగర్‌కర్నూలు జిల్లా పాలెంలో వ్యవసాయ పరిశోధన స్థానం దగ్గరలోనే ఉన్నాయి.

సంచిలో గరిక వద్దు

పిల్లల దగ్గరకు వెళ్లే పెద్దలు వినాయకుని పూజకని సొంత ఊరి గరికను తడి గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకోవడం పరిపాటి. వినాయక చవితి నాటి ఏకవింశతి పత్రాలలో దూర్వాయుగ్మానికి ఉన్న స్థానం తెలిసినదే. అయితే అనుమతి పత్రం, వృక్ష ఆరోగ్య ధ్రువీకరణ లేనిదే నాటదగిన మొక్కలను, మట్టి అంటిన వేళ్లను అమెరికాలోకి తీసుకుపోరాదు. విమానాశ్రయంలో ప్రకటించకుండా దాచి దొరికితే జరిమానా తప్పదు. అక్కడి గరికా ఇదే జాతి కనుక ఆ అవసరమూ లేదు. చవితి ఆగస్టు, సెప్టెంబరు నెలలలో వస్తుంది. ఆ రోజులలో డెన్వర్ ముంగిట గరిక ఇంకా పచ్చగానే ఉంటుంది. పురుగు మందు చల్లని మూల నుంచి కోసుకోవచ్చు. మాఘ మాసపు సంకష్ట చతుర్థికి మాత్రం బయట ఎండు తీగలే మిగులుతాయి. అందుకోసం సెప్టెంబరులోనే ఒక వెడల్పాటి కుండీలో నాలుగు తీగలు నాటి, ఇంటి లోపల దక్షిణపు కిటికీ దగ్గర పెట్టుకుంటే శీతకాలమంతా పూజకు చాలినంత గరిక దొరుకుతుంది.